క్లెమ్ పాస్కో బిగించిన జాలీ

దారికి అడ్డంగా ఎద్దు వచ్చింది. మేవ్ భర్త గార్త్ రడ్కిన్ బ్రేకు తొక్కాడు. బండి ఆగింది కానీ వెనకున్న ఇనుప పనిముట్ల పెట్టె ఆగలేదు. సామాను ముందుకు దూసుకురాకుండా కాపాడాల్సిన జాలీని పెకలించుకుని వచ్చి, ముందు సీట్లో కూర్చున్న మేవ్ మెడ మీద పడింది. ఇది జరిగి పధ్నాలుగు నెలలు. ఆ జాలీ మేవ్‌కి తండ్రి క్లెమ్ పాస్కో ఇచ్చిన పెళ్ళి కానుక. తెగిపోయిన బోల్టులు ఆ పనికి అస్సలు పనికిరానివని ఆరు నెలల కిందట మరణ విచారణలో తేలినప్పుడు, లేచి నిలబడి "అవి నావే, నేనే బిగించాను" అని ఒప్పుకున్నవాడు కూడా ఆయనే.

ఆ మాటతో ఎరల్టన్ ఊరు ఆయన్ని వెలివేసింది. ఊరి కంటే ముందు పెద్ద కూతురు బ్రెన్నా వెలివేసింది. బండ్ల రిపేరు షెడ్డు బోర్డు మీద తండ్రి పేరు చెరిపించి, తాళాలు తీసుకుని, ఆయన చేతికి చీపురు ఇచ్చింది. అప్పటినుంచి ఇద్దరి మధ్యా "ఆ మూల ఊడ్చావా?" "ఊడ్చాను" తప్ప వేరే మాట లేదు. కిందటి వారం మనం ఆగింది ఆ షెడ్డు లోపలే. ఆ దేశంలో నడివేసవి అయిన డిసెంబరు ఎండకి పైకప్పు రేకులు టపటపమంటుండగా, గార్త్ తన కొత్త ఫోర్ వీల్ డ్రైవ్ బండిని సరాసరి లోపలికి తెచ్చి ఆపాడు. పక్క సీట్లోంచి ఒక స్త్రీ దిగింది.

"ఈవిడ కెరిన్," అన్నాడు గార్త్, బండి తలుపు మీద చెయ్యేసి. "మార్చిలో పెళ్ళి. నీకు కార్డు పంపుదామనుకున్నా బ్రెన్నా, అడ్రసు గుర్తు రాలేదు."

కెరిన్‌కి ముప్పై ఏళ్ళుంటాయి. కోబార్‌లో ఒక బేకరీలో పని. ఎండకి ముక్కు కందిపోయి ఉంది. చెయ్యి చాపింది. బ్రెన్నా తన చేతికున్న గ్రీజు చూపించి ఊరుకుంది.

"ఏం కావాలి?"

"కార్గో బారియర్. అదే, సామాను జాలీ. మీ ఇంటి స్పెషల్ కదా."

"బ్రోకెన్ హిల్‌లో బిగిస్తారు."

"మూడొందల కిలోమీటర్లు. బారియర్ లేకుండా అంత దూరమా? ప్రమాదం కదూ!" అని నవ్వాడు. ఆ నవ్వుకి సిద్ధమై వచ్చాడని ముఖమే చెబుతోంది. "కెరిన్, ఇలా రా బంగారం. అదిగో, ఆ మూల చీపురు పట్టుకున్నాడే, ఆయనే క్లెమ్. నా పాత మామగారు. మంచిగా పలకరించు, ఇవాళ్టినుంచి నీ మెడ ఆయన చేతిలో ఉంది."

"గార్త్, ఏం మాటలివి?" అంది కెరిన్ గొంతు తగ్గించి. తర్వాత ముసలాయన వైపు తిరిగి "నమస్తే అండీ" అంది. క్లెమ్ తల ఊపాడు. డెబ్భై ఒక్కేళ్ళ మనిషి. భుజాల ఎముకలు చొక్కాలోంచి హ్యాంగర్‌లా పొడుచుకొచ్చి ఉన్నాయి.

బ్రెన్నా పొమ్మనగలదు. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఆమె బండి లోపలికి తొంగిచూసింది. వెనక భాగంలో కంచె స్తంభాలు దించే ఇనుప గొట్టం, తీగ బిగించే లివర్లు, తీగ చుట్టలు, మళ్ళీ అదే కొలతలో ఇంకో పనిముట్ల పెట్టె. వాటికీ ముందు సీట్లకీ మధ్య ఏమీ లేదు. గార్త్ ఎలాంటివాడైనా, ఆ ముందు సీట్లో కూర్చునేది ఒక మనిషి.

"దించు సామానంతా," అంది.

గోడకి ఆనించి ఉన్న జాలీల్లోంచి ఈ బండికి సరిపోయేవి రెండు తీసి నేల మీద నిలబెట్టింది. ఒకటి సగం ఎత్తుది, ఒకటి నేల నుంచి పైకప్పు దాకా ఉండేది.

"ఇది బాగుంది," అంది కెరిన్ సగం ఎత్తుదాన్ని తడుముతూ. "పైనుంచి చెయ్యి పెట్టి టీ ఫ్లాస్కు అందుకోవచ్చు."

"నీ చెయ్యి పట్టే సందులోంచి పెట్టె కూడా పడుతుంది," అంది బ్రెన్నా. "వెనక సీటు ఉంచుతారా, తీసేస్తారా?"

"తీసెయ్," అన్నాడు గార్త్. "నాకు చోటు కావాలి. జాలీ ముందు సీట్ల వెనకే ఉండాలి. పూర్తి ఎత్తుది. నా సామాను ఎంత బరువుంటుందో నీకు తెలుసుగా బ్రెన్నా?" ఆమె కళ్ళలోకి చూశాడు. "తెలుసు కదా?"

"తెలుసు."

"తెలిసినవాళ్ళ దగ్గరికి వస్తే ఇదే సుఖం. ఇంకొక్క మాట. బిగించేది ఆయన."

"ఈ షెడ్డులో బారియర్లు బిగించేది నేను."

"నీ పని ఎవరికి కావాలి? ఆయన బిగించాలి, నేను పక్కన నిలబడి చూడాలి. ఒక్కో బోల్టూ చూడాలి. ఆ రోజు చూళ్ళేదుగా, ఆ తప్పు నాదే. నమ్మాను."

బ్రెన్నా ఏదో అనేలోపే మూల నుంచి చీపురు గోడకి ఆనించిన చప్పుడైంది. "బిగిస్తాను," అన్నాడు క్లెమ్. ఆరు నెలల తర్వాత ఆ షెడ్డులో వినపడిన ఆయన సొంత మాట అది.

బ్రెన్నా వద్దనలేదు. తర్వాత ఆ రోజు గుర్తొచ్చినప్పుడల్లా ఆమెని కాల్చేది అదే. తండ్రి చేతులు వణుకుతాయని తెలుసు, గార్త్ ఆడిస్తాడని తెలుసు. అయినా చేతులు కట్టుకుని పక్కకి జరిగింది. జరగనీ, అనుకుంది. మేవ్ పడినదాంట్లో ఇది ఎంత?

వెనక సీటు విప్పి బయట పెట్టడానికి, లోపలి ప్లాస్టిక్ పలకలు ఊడదీయడానికి ముప్పావుగంట పట్టింది. గార్త్ ఒక డ్రమ్ము మీద కూర్చుని ఐస్‌బాక్సులోంచి నిమ్మకాయ సోడా తీసి తాగుతూ చూశాడు. క్లెమ్ లోపలికి దూరి, పక్క స్తంభాల్లో కంపెనీ వదిలిన మర కన్నాలు వేలితో తడిమి వెతికాడు. పైన ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునే దారికి ఇనుము అడ్డు రాకుండా చూసుకుని పట్టీలు పెట్టాడు. నేల కిందనుంచి గట్టి పలకలు వేశాడు. వయసు చేతుల్లో తెలుస్తోంది కానీ పనిలో తెలియడం లేదు. జాలీని బ్రెన్నా ఒక చివర పట్టింది, ఆయన ఒక చివర పట్టాడు. ముందు సీట్ల వెనక అది నిలబడింది. ఇక మిగిలింది ఆరు బోల్టులు.

గార్త్ లేచి వచ్చాడు. ఫోను తీశాడు.

"ఆగు పెద్దాయనా. బోల్టు తల మీద దాని బలం చెప్పే అంకె ఉంటుంది. చదువు. గట్టిగా, కెరిన్‌కి వినపడాలి."

క్లెమ్ బోల్టుని వెలుతురులోకి ఎత్తాడు. "ఎనిమిది పాయింట్ ఎనిమిది."

"అబ్బ! చదవడం వచ్చే. మేవ్ బండప్పుడు కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయావేమో." ఫోటో తీశాడు. "ఉంచుకుంటాను. మళ్ళీ విచారణంటూ జరిగితే పనికొస్తాయి. ఊ, రెండోది."

"ఎనిమిది పాయింట్ ఎనిమిది."

"వినపళ్ళేదు."

"ఎనిమిది పాయింట్ ఎనిమిది."

"చెయ్యి అలా వణుకుతోందేం? ఆ రోజు కూడా ఇలాగే వణికిందా? లేక ఆ రోజు తాగున్నావా? విచారణలో ఎవరూ అడగలేదు గానీ, నాకెప్పటినుంచో అనుమానం."

"తాగలేదు," అన్నాడు క్లెమ్.

"అంటే తాగకుండానే చంపావు."

బ్రెన్నా గోళ్ళు ఆమె చేతుల్లోనే దిగబడ్డాయి. అయినా కదల్లేదు. క్లెమ్ బోల్టు పెట్టాడు. వేళ్ళతో తిప్పాడు, బిగువు కొలిచే టార్క్ రెంచి అందుకున్నాడు. అది టిక్కుమన్నాక ఇంకో బోల్టు తీశాడు. నాలుగోది బిగించాక గార్త్ "అది విప్పు, నేను చూళ్ళేదు" అన్నాడు. విప్పాడు. మళ్ళీ బిగించాడు. "ఇంకోసారి" అన్నాడు గార్త్. ముసలాయన గడ్డం నుంచి చెమట బొట్టు జాలీ మీద పడింది. మళ్ళీ విప్పాడు.

చూడలేకపోయింది కెరిన్ ఒక్కతే.

"వదిలెయ్ గార్త్, పాపం," అంది. ముసలాయన్ని కాస్త నవ్విద్దామని తంటాలు పడుతూ ఆయన పక్కకి వచ్చింది. "మీరు ఇంత కష్టపడి బిగించడం దండగండీ. ఎలాగూ ఇతను విప్పేస్తాడు. పరుపు వెయ్యాలంటే జాలీ అడ్డం అంటాడు. పాత బండిలో అదే పని చేశాడు! గుర్రప్పందాలకి వెళ్ళి, నది ఒడ్డున పడుకున్నాం. పొద్దున లేచి చూస్తే బోల్టులు లేవు. ఇద్దరం మోకాళ్ళ మీద ఇసకంతా దేవుకున్నాం. ఆరింటికి రెండే దొరికాయి. ఆ రెండిటితోనే జాలీ తగిలించి..."

"కెరిన్," అన్నాడు గార్త్.

"ఏం, నవ్వొచ్చే సంగతేగా! నువ్వే అన్నావు, ఎవరూ చూడరులే అని."

బ్రెన్నా చేతులు విప్పింది. "ఏ పందాలు?" అంది.

"ఇక్కడి పందాలేనండీ. ఆగస్టులో జరుగుతాయే."

"ఏ ఏడాది ఆగస్టు?"

కెరిన్ నోరు తెరిచింది. ఎదురుగా ఉన్న ముగ్గురి ముఖాలూ మార్చి మార్చి చూసింది. 

"నేను చెబుతా," అంది బ్రెన్నా. "ఆ పాత బండి కిందటేడాది అక్టోబరులో తుక్కయింది. కాబట్టి నువ్వు పరుపేసుకుంది ఆ ఆగస్టులోనే. మేవ్ చావడానికి రెండు నెలల ముందు. ఈ ఏడాది ఈస్టర్‌కి పరిచయమయ్యారని కదూ ఊరంతా చెప్పుకున్నావు గార్త్? నా చెల్లెలు పోయిన దుఃఖంలో ఉంటే ఈ అమ్మాయి ఓదార్చిందనీ?"

గార్త్ సోడా సీసా డ్రమ్ము మీద పెట్టాడు. అతని మొహంలో కోపం లేదు, చిరాకు ఉంది. "అయితే ఏంటి?"

"అయితే బోల్టులు తీసింది నువ్వు. పోగొట్టింది నువ్వు. మా నాన్న బిగించినవి నది ఇసకలో ఉన్నాయి. విచారణలో ప్రమాణం చేసి చెప్పావు, జాలీని ఎన్నడూ ముట్టలేదని. నాన్నని హంతకుడన్నావు. ఇవాళ కూడా, ఇప్పుడు కూడా..."  ఆరు నెలలుగా మనసులో తనూ అన్నవి అవే మాటలని బ్రెన్నాకి గుర్తొచ్చింది.

"వాళ్ళిద్దరూ విడిపోయారని చెప్పాడు," అంది కెరిన్.  "ఆవిడ పుట్టింటికి వెళ్ళిపోయి నాలుగు నెలలైందన్నాడు."

గార్త్ మీద తిరగాల్సిన బ్రెన్నా ఆమె మీదికి తిరిగింది. ఎదురుదెబ్బ కొట్టలేని మనిషి అక్కడ ఆ ఒక్కతే.

"సెప్టెంబరులో వాళ్ళ పెళ్ళిరోజుకి కేకు చేసింది నేను. ఆ ఇంట్లో, ఆ పొయ్యి మీద. పరుపు మెత్తగా ఉందా?"

"నాకు తెలీదు, నిజంగా..."

"బోల్టుల కోసం దేవుకుంటూ నవ్వుకున్నారా? ఎంతసేపు నవ్వారు? ఇలా తిరుగు." బ్రెన్నా ఆమె భుజం పట్టి తిప్పి, మెడ వెనక, జుట్టు కింద, వేలు గుచ్చి పెట్టింది. గ్రీజు మరక అంటుకుంది. "ఇక్కడ తగిలింది మేవ్‌కి. పెట్టె మూల. డాక్టరు ఆమె వెంటనే పోయిందన్నాడు. అబద్ధం. నలభై నిమిషాలు బతికే ఉంది. ఇతను పక్కన కూర్చుని చూశాడు. నీకు చెప్పాడా అది? ఇవాళ్టినుంచి ఆ సీట్లో కూర్చున్నప్పుడల్లా ఇక్కడ నా వేలు గుర్తుంచుకో."

కెరిన్ ఏడుస్తోంది. చప్పుడు లేకుండా, కళ్ళు తుడుచుకోకుండా. "బ్రెన్నా, చాలు," అన్నాడు క్లెమ్ బండి లోపలినుంచి. ఆమె వినిపించుకోలేదు.

"సార్జెంట్‌ని పిలుస్తున్నాను."

"పిలువు," అన్నాడు గార్త్. "ఏం చెబుతావు? ఆగస్టులో ఎవడో పరుపు మీద పడుకున్నాడనా?"

"ఇంట్లో రేకుల డబ్బాలోంచి నాలుగు చెత్త బోల్టులు తీసి పెట్టావని. తెలిసి తెలిసి నా చెల్లెల్ని దాని ముందు కూర్చోబెట్టావని."

అప్పుడు గార్త్ ముఖంలో మొదటిసారి నిజమైన ఆశ్చర్యం కనిపించింది. తర్వాత అది మెల్లగా ఇంకోలా మారింది. గార్త్ క్లెమ్ వైపు చూశాడు, చాలాసేపు.

"నేనా? నేను పెట్టింది రెండే. దొరికిన రెండు. మిగతా నాలుగు కన్నాలూ ఖాళీగానే వదిలేశా. సరిగ్గా ఆ రెండే గట్టివని విచారణలో తేలింది, ఫోటోల్లో చూశావుగా. మిగతా నాలుగూ చూసి నేను కూడా ఆశ్చర్యపోయా. మేవ్ వాళ్ళ నాన్న చేత పెట్టించుకుందనుకున్నా. అందుకేగా ఈయన్ని చూస్తే నాకు ఒళ్ళు మండేది! నేను బోల్టులు పోగొడితే, ఈయన చెత్త బోల్టులు పెట్టాడు. ఇద్దరిలో ఎవడు ఎక్కువ వెధవ?" టోపీ తీసి నెత్తిన పెట్టుకున్నాడు. "ఆ నాలుగూ ఎవరు పెట్టారో మీ నాన్ననే అడుగు. నేను ఎదురుగా పబ్బులో ఉంటా. బండి పూర్తయ్యాక కబురు పెట్టు."

అతను ఎండలోకి నడిచి వెళ్ళిపోయాడు. కెరిన్ వైపు తిరిగి కూడా చూడలేదు.

బ్రెన్నా ఆఫీసు గదిలోకి వెళ్ళి ఫోను చేసింది. సార్జెంట్ హాలరన్ ఒక గొర్రెల ఫారమ్ దగ్గర్నుంచి తిరిగి వస్తున్నాడు. పావుగంటలో వస్తానన్నాడు. ఆమె తిరిగి వచ్చేసరికి షెడ్డులో తండ్రి తప్ప ఎవరూ కనబడలేదు. కెరిన్ కూడా పబ్బు వైపే వెళ్ళి ఉంటుందనుకుంది. పోనీ, అనుకుంది.

క్లెమ్ బండి వెనక భాగంలో మోకాళ్ళ మీద కూర్చుని ఐదో బోల్టు బిగిస్తున్నాడు. బ్రెన్నా వెనక తలుపు దగ్గర నిలబడింది.  క్షమించమని అడగడం ఆ ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు.

"నాన్నా, ఆపు. ఇక వాడి బండి ముట్టుకోకు."

"సగంలో వదలకూడదు."

"నువ్వు కాదుగా చేసింది! అయితే విచారణలో నావే అని ఎందుకు చెప్పావు? ఫోటోలు బల్ల మీద పెట్టారే, చూడలేదా? బోల్టు తల చూస్తేనే నీకు తెలుస్తుందిగా!"

"చూశాను."

"తెలిసిందా?"

"చూడగానే తెలిసింది. నేను బిగించినవి కావు."

అప్పుడు స్ఫురించింది బ్రెన్నాకి. కెరిన్ ఆ ఇసక కబురు చెబుతున్నప్పుడు తనొక్కతే ఉలిక్కిపడింది. తండ్రి తల కూడా ఎత్తలేదు.

"నీకు ముందే తెలుసు," అంది మెల్లగా. "నాలుగు బోల్టులు పోయాయని."

టార్క్ రెంచి టిక్కుమంది. క్లెమ్ దాన్ని నేల మీద పెట్టాడు.

"ఆ చివరి ప్రయాణానికి వాళ్ళు బయల్దేరే రోజు మధ్యాహ్నం మేవ్ వచ్చింది. నువ్వు విడిభాగాల కోసం బ్రోకెన్ హిల్ వెళ్ళావు. నేను ఆ రిపేరు గుంట దగ్గర, ఒక ట్రక్కు కింద ఉన్నాను. గేర్‌బాక్సు సగం విప్పి పెట్టా. 'నాన్నా, జాలీకి రెండే బోల్టులున్నాయి, మిగతావి ఏమయ్యాయో గార్త్ చెప్పట్లేదు' అంది. 'నాలుగు ఇస్తావా?' అంది."

"ఊ."

"గట్టివి షెల్ఫులోనే ఉన్నాయి. మూడడుగులు. నేను లేవాలంతే. చేతులనిండా నూనె. 'ఆ పాత బోల్టుల డబ్బాలో ఏవుంటే అవి పెట్టుకో, సెలవలు అయ్యాక మంగళవారం వస్తే సరిగ్గా చూస్తాను' అన్నాను. బండి కింద పడుకునే చెప్పా. దాని చెప్పులు మాత్రం కనిపించాయి. డబ్బా గిలక్కొట్టి ఏరుకుంటున్న చప్పుడు విన్నాను. తర్వాత తనే స్పానరు తీసుకుని బయటికి వెళ్ళి బిగించుకుంది."

షెడ్డు పైకప్పు రేకులు ఎండకి సాగి మళ్ళీ టపటపలాడాయి.

"దాన్ని చంపిన బోల్టులు దాని చేత్తోనే బిగించుకుందని, ఆ కోర్టులో నిలబడి, ఎలా చెప్పమంటావు బ్రెన్నా? అంతకంటే నావే అనడం తేలిక."

బ్రెన్నా బండి అంచు పట్టుకుంది. "ఇంకా ఏమైనా అందా?"

క్లెమ్ ఆరో బోల్టు అందుకున్నాడు.

"నాన్నా. ఇంకా ఏమంది?"

"వెళ్ళబోతూ వంగి బండి కిందకి చూసింది. ఏడ్చినట్టుంది కళ్ళు. 'నా గది ఖాళీగానే ఉందా?' అని అడిగింది."

"నువ్వేమన్నావు?"

"నవ్వాను. 'బ్రెన్నా అందులో ఫిల్టర్ డబ్బాలు పెట్టేసింది' అన్నా. 'ముందు వెళ్ళి రండి, దార్లో ఇద్దరూ మాట్లాడుకోండి, అన్నీ సర్దుకుంటాయి' అన్నా." ఆయన గొంతు ఏమాత్రం మారలేదు. రోజూ తనలో తను చెప్పుకుని చెప్పుకుని అరిగిపోయిన మాటల్లా వచ్చాయి. "నేను లేవలేదు."

"లేవలేదు," అంది బ్రెన్నా.

"లేవలేదు."

ఆమెకి తండ్రిని కొట్టాలనిపించింది. ఆయన తల ఒళ్ళో పెట్టుకోవాలని కూడా అనిపించింది. ఏదీ చెయ్యలేదు. ఆ ఫిల్టర్ డబ్బాలు ఇప్పటికీ ఆ గదిలోనే ఉన్నాయి. బయట దూరంగా, కంకర రోడ్డు మీద బండి చప్పుడు వినపడింది.

బ్రెన్నా ఒక్కసారిగా నిటారుగా నిలబడింది. మాట్లాడినప్పుడు ఆమె గొంతు అచ్చంగా వ్యాపారం మాట్లాడే గొంతు.

"ఈ సంగతి ఇంకెవరికైనా చెప్పావా?"

"ఎవరికి చెబుతాను?"

"చెప్పకు. ఎప్పటికీ. మేవ్ ఆ రోజు ఇక్కడికి రాలేదు. నువ్వు చూడలేదు. రెండు బోల్టులు పెట్టినవాడే మిగతా నాలుగూ పెట్టాడు. ఆగస్టులో ఏం జరిగిందో ఆ అమ్మాయి నోటినుంచే వచ్చింది, వాడు విచారణలో అబద్ధమాడాడని తేలిపోయింది. ఇక వాడి మాట ఎవరు నమ్ముతారు?"

"వాడు పెట్టలేదు బ్రెన్నా."

"ఇవాళ వాడు నీ చేత ఎన్నిసార్లు విప్పించాడు? నేను లెక్కపెట్టాను. జైల్లో కూర్చుని వాడూ లెక్కపెట్టుకుంటాడు."

"అది అబద్ధం."

"నువ్వు చెప్పిందీ అబద్ధమేగా! ఇన్నాళ్ళూ నీ అబద్ధాన్ని నేను మోశాను. నా అబద్ధాన్ని నువ్వు మొయ్యి."

క్లెమ్ ఆమె ముఖం వైపు కాదు, ఆమెకి కొంచెం పక్కగా, జాలీ వైపు చూస్తున్నాడు. చూస్తూనే ఉన్నాడు. ఆయన కళ్ళు పోయినవైపే బ్రెన్నా తల తిప్పింది.

ఇనుప గళ్ళకి అవతల, ముందు సీటు వీపు పక్కన, ఒక భుజం కనిపించింది. దాని మీద పడిన జుట్టు. దాని కింద, మెడ మీద, నల్లటి గ్రీజు మరక.

కెరిన్ ఎక్కడికీ వెళ్ళలేదు. ఏడవడానికి మనుషుల కంటపడని చోటు ఆ షెడ్డులో అదొక్కటే దొరికింది. రెండు కిటికీలూ తెరిచే ఉన్నాయి. బ్రెన్నాకీ ఆమెకీ మధ్య నాలుగు మూరల దూరం, ఒక జాలీ.

పోలీసు బండి వాకిట్లో ఆగింది. సార్జెంట్ హాలరన్ టోపీ సర్దుకుంటూ నీడలోకి వచ్చి, ఎండ వెలుతురు కళ్ళనుంచి పోయేదాకా ఆగాడు.

"క్లెమ్ గారూ. బ్రెన్నా, ఏంటి సంగతి? మేవ్ కేసు గురించి అన్నావు ఫోన్లో." జేబులోంచి పుస్తకం తీశాడు. "సరే. ముందు ఎవరు చెబుతారు?"

బ్రెన్నా ఒక అడుగు ముందుకు వేసింది. ఆమె నోరు తెరిచేలోపే బండి ముందు తలుపు తెరుచుకుంది. కెరిన్ దిగింది. కళ్ళు వాచి ఉన్నాయి కానీ ఇప్పుడు పొడిగా ఉన్నాయి. ఆమె గార్త్ ఉన్న పబ్బు వైపు చూసింది, తర్వాత ముసలాయన్ని చూసింది. చివరికి, అన్నిటికంటే ఎక్కువసేపు, బ్రెన్నాని చూసింది. చెయ్యెత్తి మెడ వెనక తడుముకుని, వేలికంటిన నలుపుని చూసుకుంది.

"నేను చెబుతాను," అంది.